హూన్ వదలని పాత కెర్నల్

పెనాంగ్‌లో ఫెర్రీ టికెట్ యంత్రాలకు లినక్స్ సిద్ధం చేసే గైక్ హూన్, ఏ కొత్త కంప్యూటర్ బోర్డు చేతికొచ్చినా కళ్లద్దాలు తలమీదికి నెట్టి, పక్కన కోపి, అదే అక్కడి కాఫీ, చల్లారిపోతుంటే, లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను మాత్రం పాతదే ఎంచుకుంటుంది. తెరను వెలిగించే డ్రైవర్ ప్రోగ్రాం కొత్తదానితో పొసగదంటుంది. అది రాసిన అళగన్ కుర్చీ, అతను పోయాక, ఆమె పక్కన ఖాళీగానే ఉంది.

ఒకనాడు ఆమెతో పనిచేసే కుర్రాడు ఫైజల్ ఆ డ్రైవర్‌ను కొత్త కెర్నల్‌కు సరిపడేలా మార్చాడు. తెర వెలిగింది.

"ఇప్పుడేమంటావక్కా? అన్నీ పనిచేస్తున్నాయి. ఇంకా ఆ ముసలిదాన్నే పట్టుకు వేలాడతావా?"

బోర్డు ఆన్ అవుతున్నప్పుడు తెరమీద పరుగెత్తే లైన్లన్నీ ఆమె చివరిదాకా చూసింది.

"ఇక్కడ ఇంకో లైను ఉండాలే."

"అదా? ఉత్త కబురు. తీసేశాను."

ఆమె పాత కెర్నల్‌నే, అళగన్ రాసిన డ్రైవర్‌తో సహా, మళ్లీ ఎక్కించింది. పరుగెత్తే లైన్ల నడుమ అళగన్ ఎప్పుడో రాసిపెట్టిన మాట వచ్చింది: "తెర వెలిగింది హూన్. ఇక లే, కోపి తాగొద్దాం."

చల్లారిన కప్పు అక్కడే వదిలేసి ఆమె లేచింది.