ముందు వాళ్లని పోనీ నాయనా

కెనడాలోని సార్నియాలో నేను డ్రైవింగ్ నేర్పినవాళ్లలో ఆ కడప ఆంటీ విసిగించినంతగా నన్ను ఇంకెవరూ విసిగించలేదు. ఊరి చివర ఉన్న వృద్ధాశ్రమం వంటగదిలో ఆమెకు ఉద్యోగం దొరికింది. అటు బస్సు లేదు. లైసెన్సు వస్తేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది.

కారు బాగానే నడిపేది. చిక్కంతా నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే కూడలిలోనే. అక్కడ ముందు వచ్చి ఆగినవాళ్లు ముందు కదలాలి. ఆమె మాత్రం తన వంతు వచ్చినా కదలకుండా, పక్క కార్లకు చెయ్యి ఊపి దారి ఇచ్చేది.

“ఆంటీ, మన టర్న్! వెళ్లండి!”

“ముందు వాళ్లని పోనీ నాయనా, ఏం తొందరుందో.”

వెనక హారన్లు మోగుతుంటే నేను తల పట్టుకునేవాణ్ణి. ఎంత అరిచినా అంతే. రోడ్ టెస్టులోనూ అదే పని చేసి ఫెయిలైంది.

“మర్యాద ఇచ్చినా తప్పేనా నాయనా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆమెకు రూల్సు చెప్పడం మానేశాను. “మీరు కదలకపోతే అందరూ మీకోసం కాచుకోవాలి ఆంటీ. వాళ్లకే లేటవుతుంది” అన్నాను.

“అయ్యో, నావల్లనా!” అని నొచ్చుకుంది. తర్వాతి కూడలిలో ఆలస్యం చేయలేదు.

రెండోసారి పాసైంది. తిరిగి వస్తూ కూడలిలో తన వంతుకు చక్కగా కదిలింది. హమ్మయ్య అనుకునేలోపే, ఆగి ఉన్న కారాయనకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

“ఆంటీ, స్టీరింగ్!” అని అరుస్తూ నేనే పట్టుకున్నాను.

“పాపం, మనకోసం ఆగినాడు కదా నాయనా!”