కళ్ళజోడు మరిచిపోయిన అబ్బాయి

చిన్నప్పుడు ముగ్గురు తమ్ముళ్ళను ఎత్తుకుని ఇంట్లోనే ఉండిపోయాను. తరవాత కాపురం, పిల్లలు. అందుకే యాభై ఎనిమిదో ఏట గానీ నాకు అక్షరాలు రాలేదు.

ఈ మధ్య పాతపట్నంలో మా అమ్మాయి ఇంటికి బయలుదేరి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌లో నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక అబ్బాయి దగ్గరికొచ్చి, "అమ్మా, కళ్ళజోడు మరిచిపోయాను. ఆ బస్సు ఎక్కడికి పోతుంది?" అని అడిగాడు. పదింటిలోగా పాతపట్నం బ్యాంకులో కొత్త ఉద్యోగంలో చేరాలట. ఫోనులో చీమలంత అక్షరాలు మాత్రం చకచకా చదివేస్తున్నాడు.

నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు నేను అందరికీ చెప్పిన అబద్ధం అదే. నాకసలు కళ్ళజోడే లేదు.

తప్పు చదివితే అతని ఉద్యోగానికే ముప్పని భయపడుతూ, బోర్డు రెండుసార్లు కూడబలుక్కున్నాను. "పాతపట్నమే. ఎక్కు బావూ," అన్నాను.

బస్సులో పక్కన కూర్చుని, "తెలుగు సదవడం రాదేటి?" అని మెల్లగా అడిగాను.

"ఇంగ్లీషు మీడియం అమ్మా. బ్యాంకులో తెలిస్తే నవ్వుతారు."

"నవ్వనీ. నన్నూ నవ్వినారు. నాలాటి ముసిలోలు ఫారం అట్టుకొని నీ కాడికే వస్తారు. అప్పుడేటి సేస్తావు?"

ఫోను జేబులో పెట్టేసి, "నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

"నాకు ఏడాది పట్టినాది. కుర్రోడివి, నీకు రెండు నెలలు సాలు."

మర్నాడు పొద్దున బ్యాంకు తెరవగానే వెళ్ళాను. నా ఓనమాల పుస్తకాన్ని పాత పేపరులో చుట్టి, అందరూ చూస్తుండగా అతని బల్ల మీద పెట్టాను. "ఎండుసేపలు బావూ. ఇంటికెళ్ళినాకే ఇప్పు," అని చెప్పి వచ్చేశాను.