యేసుదాసు తాగిన నీళ్లు

1985లో నన్ను ఒంగోలుకు దూరంగా, పత్తి చేల మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసర్‌గా వేశారు. పత్తికి పురుగు మందు కొట్టే కాలం వచ్చిందంటే మా వరండా నిండిపోయేది. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, గుండుసూది మొనంత కుంచించుకుపోయిన కంటిపాపలు. మందు ఒంటికెక్కిందనడానికి అవే గుర్తులు. విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. చొంగ ఆగి నోరు ఎండేదాకా ఇస్తూనే ఉండాలి.

యేసుదాసు అనే కూలీని అలాగే తెచ్చారు. సాయంత్రానికి తేరుకున్నాడు. మర్నాడు మళ్లీ చొంగ, మళ్లీ వణుకు. మంచం దిగని మనిషికి విషం ఎక్కణ్ణుంచి వచ్చింది? నోరెండి నీళ్లడిగినప్పుడల్లా భార్య రూతమ్మ పట్టిస్తోంది. మంచం కింద చూద్దును కదా, నీళ్లున్నది పురుగు మందు డబ్బాలో!

“దీంట్లోనా నీళ్లు తెచ్చేది?” అని అరిచాను.

“బూడిదేసి, చింతపండేసి తోమానండీ డాక్టరమ్మగారూ. వాసన కూడా లేదు, చూడండి.”

ఖాళీ డబ్బా మందు కొట్టినవాడికే ఇవ్వడం అక్కడి మామూలు. ఆసామి అదేదో దానం చేస్తున్నట్టు ఇచ్చేవాడు. దానికి బిగుతు మూత ఉంది, కింద పడ్డా పగలదు, దూరపు చేనుకు తేలిగ్గా మోసుకుపోవచ్చు. ఆసామి తాగే మంచినీళ్లు ఇంటి నుంచి బిందెతో వచ్చేవి. ఆ బిందెను కూలీలు ముట్టుకోకూడదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మందు కొట్టే కూలీలకు మంచినీళ్లు ఆసాములే ఇచ్చేలా చూడాలని పైకి రాశాను. జిల్లా నుంచి ఒక అధికారి జీపులో వచ్చాడు. కూలీల పేటలో మీటింగు పెట్టి, అంతా మీ అజ్ఞానమేనని తిట్టి, డబ్బాలన్నీ కుప్ప పోయించి జీపుతో తొక్కించాడు. ఆసాములను పల్లెత్తు మాట అనలేదు. పైగా మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే.

“మరి చేనుకు నీళ్లు దేంట్లో తీసుకెళ్లాలండీ?” అని రూతమ్మ అడిగింది.

“ఇంత చెప్పినా బుర్రకెక్కలేదా?” అని ఆయన జీపెక్కాడు.

కోలుకున్న యేసుదాసు తర్వాతి వారం మళ్లీ మందు కొట్టడానికే వెళ్లాడు. వెళ్లకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మిట్టమధ్యాహ్నం దాహానికి తాళలేక, మందు పంపులు కడిగే గుంటలో నీళ్లు తాగాడు. మా దగ్గరికి తెచ్చేసరికే ప్రాణం పోయింది.

“ఆ డబ్బా ఉన్నా బతికేవాడండీ,” అని రూతమ్మ నా ముఖం మీదే అంది. నిజమే, డబ్బా నీళ్ల విషం నుంచైతే అతన్ని బతికించుకోగలిగాం. అధికారి మాత్రం ఈసారి కూడా అజ్ఞానమే కారణమన్నాడు.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇదీ: పేదవాడు అజ్ఞానంతో చచ్చిపోయాడని ఎవరైనా చెబితే, అతనికి తాగడానికి ఇంకేం మిగిల్చారని ముందు వాళ్లనే అడగాలి.