ఎడమ సీటు పని

2009 అక్టోబరులో ఒక శనివారం, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే బెంటన్‌విల్‌లో బయలుదేరాం. తొందరలో నేను మా కారు కుడి తలుపు తీసుకుని నిలబడ్డాను. అమెరికా వచ్చి ఎనిమిదేళ్లయినా హడావిడిలో ఉంటే స్టీరింగ్ కుడివైపే ఉంటుందనుకుంటాను.

"అది నా సీటు. అటు పో," అంది మా ఆవిడ మాధవి. ఆమెది కరీంనగర్. చేతిలో పులిహోర డబ్బా, మొహంలో నిద్ర. "ఇనుప సామాను చూసేందుకు వీకెండ్ మొత్తం ఖరాబు చేస్తున్నవ్."

ఆ ఇనుప సామాను సంగతి చెప్పాలి. ఇక్కడి పల్లెల్లో పోస్టు పంచేవాళ్లు చాలాచోట్ల సొంత కారులోనే తిరుగుతారు. ఉత్తరాల పెట్టెలు రోడ్డు పక్కన వరసగా ఉంటాయి కాబట్టి కుడి కిటికీలోంచి చెయ్యి చాపితే పని సులువు. అందుకని వెనకటి రోజుల్లో కొందరు చిన్న ఊళ్ల మెకానిక్కులు మామూలు కార్ల స్టీరింగ్‌ని కుడివైపుకి మార్చి ఇచ్చేవారు. ఎవరు మార్చారు, ఎలా మార్చారు అన్న చరిత్ర ఎక్కడా సరిగ్గా లేదు. ఆఫీసు అయ్యాక లైబ్రరీల్లో పాత పేపర్లు తిరగేస్తూ నేను పోగుచేస్తున్నది అదే. దొరికిన కార్లలో చాలావాటిని అప్పటికే మళ్లీ ఎడమవైపుకి తిప్పేశారు. అలాంటివాటి పక్కన "పాడు చేశారు" అని రాసుకునేవాణ్ణి.

ఆ వారమే పాత కార్లవాళ్ల ఫోరమ్‌లో ఒక మెకానిక్ ఫొటో పెట్టాడు. అరవైల నాటి లేతాకుపచ్చ సెడాన్, స్టీరింగ్ కుడివైపు. సోమవారం దాన్ని ఎడమకి మార్చబోతున్నాడట, పాత భాగాలు ఎవరికైనా కావాలా అని అడిగాడు. ఫొటోలో డ్యాష్‌బోర్డ్ కింద, కుడివైపు స్టీరింగ్‌ని ఎడమవైపు పాత గేర్‌కి కలిపే చైను కనబడింది. చైనుతో మార్చిన కార్లలో ఇంకా రోడ్డు మీద తిరుగుతున్నది నాకు తెలిసి అదొక్కటే. ఫోన్ చేస్తే, ఓనరు ఇండియన్ లేడీ డాక్టర్ అని నంబరిచ్చాడు. ఆ నంబరులో నా పేరు వినగానే అవతలి గొంతు "తెలుగువాళ్లా బాబూ? భోజనానికి వచ్చేయండి," అంది. ఎలాగైనా ఆవిడను ఒప్పించి సోమవారం పని ఆపించాలి. వెళ్లింది అందుకే.

జాప్లిన్ దాకా పెద్ద హైవే. అక్కడ పెట్రోలు పోయించుకుని, నీళ్లలాంటి కాఫీ తాగి, తూర్పుకి తిరిగాం. ఆ తర్వాత అన్నీ రెండు లైన్ల రోడ్లే. పైకెక్కుతాయి, దిగుతాయి, ఎటు చూసినా గడ్డిమోపులు. కోతల రోజులు కావడంతో ప్రతి మలుపు తర్వాతా ఒక ట్రాక్టరు. దాని వెనక పడి నేను స్టీరింగ్ మీద వేళ్లు కొట్టుకుంటుంటే మాధవి పులిహోర నోట్లో పెట్టి, "కారు ఏడికి పోదు. సోమవారం దాకా ఆడనే ఉంటది," అంది.

పదకొండున్నరకి ఊరు చేరాం. మోటెల్‌లో బ్యాగులు పడేశాం. దాని యజమాని సూరత్ వైపు ఆయన. డాక్టరమ్మగారి పేరు చెప్పగానే తాళంచెవి చేతిలో పెడుతూ, "సార్ పోయాక ఆమె బయటికి రావడం తగ్గింది," అన్నాడు హిందీలో.

ఆ డాక్టరమ్మ, కామేశ్వరి ఆంటీది కాకినాడ. డెబ్బై దాటి ఉంటాయి. ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. భర్త మూర్తిగారు అక్కడి కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పోయిన చలికాలంలో గుండెపోటుతో చనిపోయారు. వంకాయ కూర వడ్డిస్తూ ఆంటీ కారు కథ చెప్పారు. "ఇక్కడికి వచ్చిన కొత్తలో పల్లెల్లో పేషంట్ల దగ్గరికి వెళ్లాలి. నేను కాకినాడలో కుడివైపు నేర్చుకున్నదాన్ని, ఎడమవైపు కూర్చుంటే చేతులాడేవి కావు. ఒక పోస్ట్‌మన్ రిటైరవుతూ ఇది అమ్ముతుంటే కొనేశాం. మీ అంకుల్‌కి డ్రైవింగే రాదు. ఏ పల్లెకి వెళ్లినా పక్కన కూర్చునేవారు."

నేను అన్నం కలుపుతూనే మొదలుపెట్టాను. ఇలాంటిది మళ్లీ దొరకదనీ, మార్చేస్తే చరిత్ర పోతుందనీ, మ్యూజియంవాళ్లతో మాట్లాడతాననీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. ఆంటీ అంతా విని, "ముందు ఒక రౌండు వెళ్లొద్దాం పద," అన్నారు.

ఆవిడ కుడివైపు స్టీరింగ్ ముందు. నేను ఎడమ సీటులో. మాధవి నా వెనక. బండి కదలగానే నాకు లోకం తెలియలేదు. కుడివైపు స్టీరింగ్ తిరిగితే డ్యాష్‌బోర్డ్ వెనక సైకిల్ చైనులాంటి లావుపాటి చైను కదిలి, ఎడమవైపున్న పాత గేర్‌ని తిప్పాలి. అది కదులుతుండగా వీడియో తీయాలని టార్చి, కెమెరా పట్టుకుని డ్యాష్‌బోర్డ్ కిందకి తల దూర్చాను. కదులుతోంది! నూనె మెరుస్తూ ఎంత బాగా కదులుతోందో! బండి నెమ్మదించింది. ముందు ఏదో ట్రాక్టరు శబ్దం. కాసేపటికి చైను ఒక్కసారిగా ఎడమవైపుకి లాగింది.

"ట్రక్కు! ఆంటీ, ట్రక్కు!" వెనకనుంచి మాధవి కేక.

బ్రేకు పడింది. నా తల డ్యాష్‌బోర్డ్‌కి కొట్టుకుంది. బండి మళ్లీ ట్రాక్టరు వెనక్కి వచ్చింది. పెద్ద లారీ హారన్ కొట్టుకుంటూ మా పక్కనుంచి దూసుకుపోయింది. ఆంటీ కొంతదూరం వెళ్లి, ఒక చర్చి ముందు కంకర మీద బండి ఆపారు.

"చెప్పవేం?" అన్నారు నాకేసి తిరిగి.

"ఏం చెప్పాలి ఆంటీ?"

ఆవిడ ఇంజను ఆపేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఇక్కడ బండి రోడ్డుకి కుడిపక్కన పోతుంది కదా, ఆ అంచున నేను కూర్చున్నచోటికి ఎదురు బండి కనబడదు బాబూ. ఓవర్‌టేక్ చేయాలంటే ఎడమ సీటువాళ్లే చూడాలి. బండి వస్తుంటే ఆయన 'ఉంది' అనేవారు. రాకపోతే ఏమీ అనేవారు కాదు. ఆయన మాట్లాడకపోతే వెళ్లొచ్చని నాకు లెక్క. అన్నేళ్ల అలవాటు. తప్పు నీది కాదులే, నీకేం తెలుసు?"

మాధవి ముందుకి వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "మరి ఇప్పుడు ఒక్కరే ఎట్లా ఆంటీ?"

"ట్రాక్టరు వెనకాలే పోతాను, అది ఎక్కడికి పోతే అక్కడిదాకా. ఆయన పోయిన కొత్తలో ఒకరోజు పక్క సీటులోంచి ఏ మాటా రాలేదని ఎప్పటిలాగే ఎదురు లైనులోకి వచ్చేశాను. ఎదుటివాడు మంచివాడు కాబట్టి తప్పించుకున్నాడు. ఖాళీ సీటు ఎప్పుడూ మాట్లాడదు కదమ్మా."

వేరే కారు కొనుక్కోవచ్చు కదా అని నేనే అడిగాను. అడిగాక సిగ్గేసింది.

"అందరూ అదే అన్నారు. నాకిందులోనే తిరగాలని ఉంది. స్టీరింగ్ నీ వైపుకి మారిస్తే ఆయన కూర్చున్నచోట నేను కూర్చుంటాను. ఆయనకి కనబడిందంతా నాకూ కనబడుతుంది."

ఇక కార్ల చరిత్ర మాట నేను ఎత్తలేదు. కెమెరా వెనక సీటులో మాధవికిచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు ముందు మళ్లీ ఒక గడ్డి ట్రాక్టరు తగిలింది. ఆంటీ వేగం తగ్గించారు. నేను మెడ చాపి చూశాను.

"ఉంది," అన్నాను. ఒక పికప్ వెళ్లింది. "ఇంకోటి ఉంది." అదీ వెళ్లింది.

ఆ తర్వాత ఎదురు మెట్ట దాకా రోడ్డు ఖాళీ. 'పదండి' అనాలని నోటిదాకా వచ్చింది. నా కళ్ల మీద నాకే నమ్మకం లేక రెండోసారి చూశాను. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆంటీ నావైపు చూడనైనా చూడకుండా స్టీరింగ్ తిప్పి ట్రాక్టరుని దాటేశారు.

ఆదివారం ఇడ్లీ పెట్టి పంపించారు. గుమ్మం దగ్గర, "ఇంకా ఆపమంటావా బాబూ?" అని అడిగారు. "వద్దు ఆంటీ, మార్పించేయండి," అన్నాను. చెబుతుంటే బాధగానే ఉంది. ఆ చైను మళ్లీ కదలదు.

వచ్చిన దారినే జాప్లిన్ మీదుగా వెనక్కి. మాధవి అడక్కుండానే ప్రతి ట్రాక్టరు గురించీ ఏదో ఒకటి చెబుతూనే ఉంది. ఎప్పుడూ విసుక్కునేవాణ్ణి, ఆ రోజు వింటూ నడిపాను. "పాడు చేశారు" అని రాసిన ఓనర్లలో ఎందుకు మార్చారని ఒక్కరినీ అడగలేదు. ఎప్పుడెప్పుడు ఇంటికి చేరి వాళ్లకి ఫోన్లు చేస్తానా అని ఒకటే ఆరాటం. మీలో ఎవరైనా ఆ కారు చూద్దామని అటు వెళితే కుడివైపు చూడటానికి ఏమీ మిగిలి ఉండదు. ఎదురుగా లేతాకుపచ్చ సెడాన్ ఒకటి ట్రాక్టరుని దాటుకుని వస్తుంటే మాత్రం కాస్త దారివ్వండి. అందులో ఆంటీ మూర్తిగారి సీటులో కూర్చుని వస్తుంటారు.