వంటగది వెనక ఊట

వాన పడితే మా వంటగదిలోకి నీళ్లు పైనుంచి కారవు, కింది నుంచి వస్తాయి. పొయ్యి పక్కన గచ్చు పగుళ్లలోంచి ముందు బుడగలు, ఆ తర్వాత చల్లటి బురద నీళ్లు. అమ్మ బియ్యం డబ్బాను మంచం మీదికి ఎక్కిస్తుంది. నేను చీపురూ బకెట్టూ అందుకుంటాను. అరకు చూడ్డానికి వచ్చినవాళ్లు అదే వానలో, మా వీధిలోనే, గొడుగుల కింద నవ్వుతూ ఫొటోలు దిగుతుంటారు. వాన అందం వాళ్లకి, బురద ఎత్తిపోసుకోవడం మాకు.

ఇదివరకు ఇది వీధి కాదు, గెడ్డ ఒడ్డు. కొండ మీద కురిసిన నీళ్లన్నీ ఆ వాగులోకే దిగేవి. మా వంటగది గోడ వెనక ఒక ఊట ఉండేది, అదీ పారి అందులోనే కలిసేది. మేం తాగింది ఆ ఊట నీళ్లే. తర్వాత లాడ్జీలు వచ్చాయి. గెడ్డను తూముల్లోకి తోసేసి, ఊటను రాళ్లూ మట్టీ పోసి పూడ్చి, పైన సిమెంటు పరిచారు. ఇప్పుడక్కడ టూరిస్టు బస్సులు ఆగుతాయి. ఆ బస్సుల వాళ్లకి మేం కాఫీ అమ్ముకునే బతుకుతున్నాం. కాబట్టి నోరారా తిట్టుకోవడానికి కూడా లేదు.

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఒక ఇంజినీరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, మంచిపిల్ల. చెప్పులు బయట విడిచి వచ్చి మా పీట మీద కూర్చుంది. గెడ్డనూ, అందులో కలిసే ఊటనూ మళ్లీ బయటికి తీస్తారట. సిమెంటు పగలగొట్టి, వాన నీళ్లు ఇంకడానికి అక్కడక్కడా జాగా వదిలి, ఒడ్డున చెట్లు వేస్తారట. ట్యాబ్‌లో బొమ్మ చూపించింది. నా చిన్నప్పటి గెడ్డ అందులో నీలంగా పారుతోంది. ఇక గచ్చులోంచి నీళ్లు రావు కదా అని అడిగాను.

"రావండీ. కాకపోతే ఊట చుట్టూ కట్టడాలేవీ ఉండకూడదు. ఇళ్లుంటే వేరేచోట స్థలం ఇస్తారు," అంది.

ఆ వేరేచోటు ఎక్కడో ఆమెకూ తెలియదు. బొమ్మలో మా ఇల్లు వెతికాను. అది ఉండాల్సిన చోట గడ్డి ఉంది.

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. చెప్పినదాంట్లో ఒక్కటీ తప్పు లేదు మరి. గెడ్డను పూడిస్తే మునిగేది మేమే, తెరిస్తే లేచిపోవాల్సిందీ మేమే. ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మా, ఊట సరిగ్గా ఎక్కడుండేదో చూపిస్తారా?" అని ఆమె మా అమ్మను అడిగింది.

గుర్తులేదంటుందనుకున్నాను. అమ్మ లేచి వెళ్లి, వంటగది గోడ వైపు చూపుడువేలు చాపింది.

మాలో ఊటను వేలు పెట్టి చూపించరు. చూపిస్తే ఎండిపోతుందని భయం. ఎవరైనా అడిగితే గడ్డం ఎత్తి సైగ చేస్తాం, లేదంటే వెంటబెట్టుకుని తీసుకెళ్తాం. చిన్నప్పుడు తెలియక నేను వేలెత్తితే ఆ వేలి మీద ఒక్కటేసింది ఈ అమ్మే.

ఇంజినీరమ్మకు ఇవేమీ తెలియవు. సంబరంగా థాంక్స్ చెప్పి, గోడ మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టుకుని వెళ్లింది.

"వేలెట్టి సూపించేసినావేటమ్మా?" అన్నాను.

"తెలిసే సూపించినానే గుంటా. ఎండిపోనీ. ఊటే లేకపోతే మనిల్లెందుకు తీత్తారు?"

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. గచ్చులోంచి నీళ్లు ఎప్పటిలాగే వచ్చాయి. అమ్మ చీలమండల లోతు నీళ్లలో నిలబడి గోడ వైపు వేలు చాపింది. దించి, మళ్లీ చాపింది.

"ఎండిపోవే... ఎండిపో తల్లీ," అంటూ ఏడుస్తోంది. అంత కసిలోనూ తల్లీ అనడం మానలేకపోయింది.

బకెట్టు పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను. ఆపలేదు. లోపల నేనూ అదే కోరుకుంటున్నాను.