ఇసుక మీద మీగడ

మా ఇంట్లో నాలుగు తరాలుగా నీళ్ల నాలుక ఉంది. మా ముత్తాత ఒక్క చుక్క నోట్లో వేసుకుంటే చాలు, అవి ఏ బావి నీళ్లో, చేద ఎవరు వేశారో, వాళ్లు ఆ పూట ఇంట్లో ఎవరితో గొడవపడి వచ్చారో కూడా చెప్పేసేవాడట. ఇందులో సగం నిజం. ఏ సగమో నన్నడక్కండి. ఆయన మట్టికుండల్లో ఇసుకా బొగ్గూ నింపి, తోపుడుబండి మీద తిప్పుతూ ఇంటింటికీ నీళ్లు వడకట్టి ఇచ్చేవాడు. తాత కుండలు మానేసి పెరట్లో మనిషి లోతు ఇటుకల తొట్టి కట్టాడు. నాన్న ముందుగదిలో, గోడకు తగిలించి నీళ్లు శుభ్రం చేసే మెషీన్ల కొట్టు పెట్టాడు. నేను కాలేజీ రెండో ఏడాదిలో చదువును దాని దారిన పోనిచ్చి ఈ పనిలోకి దిగాను. నన్ను పోగొట్టుకున్న దెబ్బనుంచి ఆ కాలేజీ ఇంకా కోలుకోలేదని వింటున్నాను.

సరే, కథ నాది కాదు, అత్తది.

నాన్నకు అక్క ఆమె. వీధి మొత్తానికి ఇసకమ్మ. తాత పోయాక పెరటి తొట్టి ఆమె చేతికొచ్చింది. తొట్టి అడుగున గులకరాళ్లు, పైన ముతక ఇసుక, ఆపైన సన్న ఇసుక, దానిమీద ఎప్పుడూ జానెడు నీళ్లు, వడిసినవి పట్టుకోడానికి కింద ఒక కుళాయి. ఇసుక పైన గోధుమరంగు జిగురు కడుతుంది. దాన్ని మా ఇంట్లో మీగడ అంటారు. చూడ్డానికి పాచిలా ఉంటుంది గానీ, నీళ్లను శుభ్రం చేసేది అదే. కంటికి కనపడని ప్రాణులు అందులో కాపురముండి నీళ్లలోని చెడునంతా తినేస్తాయి. మీగడ మందమై కుళాయి ధార సన్నబడినప్పుడు అత్త రేకుతో పైపొర గోకి తీసేది. తీసేముందు ఒక చెంచాడు గిన్నెలో దాచి, తర్వాత ఇసుక మీద మళ్లీ చల్లేది, పాలకు తోడు వేసినట్టు. ముత్తాత కుండలోంచి తాత తొట్టిలోకి, తాత చేతిలోంచి అత్త చేతిలోకి ఆ తోడు ఒక్కసారి కూడా తెగకుండా వచ్చింది.

ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పట్లో మీగడంటే, పాచికి ఇంట్లోవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరనుకునేవాణ్ణి.

రోజూ పొద్దున్నే అత్త ఆ కుళాయి కింద స్టీలు గ్లాసు పట్టి, చప్టా మీద కూర్చుని గుక్కగుక్కగా తాగేది. తాత పోయి ఇరవయ్యేళ్లయినా ఆ కాసేపు ఆమెను ఎవరూ పలకరించకూడదు. ఒకసారి నాన్న ఏదో అడగబోతే, మన నాన్నతో ఉన్నాను ఆగరా అందిట. అడగబోయినవాడు ముందుగదిలోకి వెళ్లిపోయాడు.

పోయిన ఏడాది కంటి ఆపరేషన్ చేయించుకుని అత్త పన్నెండు రోజులు ఆసుపత్రి దగ్గర చుట్టాలింట్లో ఉంది. వెళ్లేముందు, తొట్టిలో నీళ్లు తగ్గకుండా చూడమనీ, ఇంకేమీ ముట్టుకోవద్దనీ నాకు చెప్పింది. ముట్టుకోవద్దనే మాట నాకు ముప్పయ్యేళ్లుగా ఎక్కడం లేదు. మూత తీసి చూశాను. ఇంత పాచి మీద నీళ్లా, అత్త కొత్త కళ్లతో వచ్చి చూడాల్సింది ఇదా అనిపించింది. నీళ్లు వదిలేసి, ఇసుకంతా తోడి, బ్లీచింగ్ పౌడరు వేసి పదకొండుసార్లు కడిగాను. డాబా మీద ఎండబెడితే పంచదారలా మెరిసింది. పక్షులు మోసపోయి ముక్కుతో పొడిచి చూశాయి కూడా.

అత్త నల్లకళ్లద్దాలతో వచ్చింది. నేను మూత ఎత్తి పక్కన నిలబడ్డాను, మెచ్చుకోలుకు వీలుగా. ఆమె వంగి, ఇసుక ముట్టుకుని, వేళ్లు వాసన చూసింది.

"మీగడేదిరా?"

"కడిగేశానత్తా."

తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకు జవాబులు నా దగ్గర బోలెడున్నాయి. చప్టా మీద కూర్చుని, గ్లాసును ఒళ్లో బోర్లించుకుంది. నాన్న వచ్చి, కొత్త మీగడ దానంతటదే కడుతుందిగా అక్కా అన్నాడు. కడుతుంది, కానీ అది మన నాన్న వేసిన తోడు కాదు కదా అంది.

రెండురోజుల తర్వాత ఆమెకే గుర్తొచ్చింది. తాత తన రోజుల్లో సిమెంటు తొట్లు చేసి ఇళ్లకు అమర్చేవాడు. ప్రతిదాంట్లో మన తొట్టి మీగడ ఒక చెంచాడు వేసేవాడు. ఏ ఒక్కటి బతికున్నా చాలు. స్కూటరు తీయమంది.

మొదటి ఇంట్లో ఆ తొట్టిలో కరివేపాకు చెట్టు పెరుగుతోంది. రెండో ఇంట్లో దాన్ని బోర్లించి, మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నారు. తర్వాత వెళ్లిన ఇళ్లలో తొట్లే లేవు. గోడకు మెషీను, మెషీను మీద మా నాన్న ఫోన్ నంబరు. ఒకావిడైతే, మీ తమ్ముడు మంచిది ఇచ్చాడమ్మా అని అత్తకే చెప్పి సంబరపడింది. తొట్లను మా ఇంటివాళ్లమే ఒక్కొక్కటిగా చంపుకొచ్చామని నాకు అప్పుడు లెక్క తేలింది.

పదిహేడో ఇల్లు రిటైరైన నర్సుది. స్నానాలగది పక్కన నీడలో తొట్టి, కింద కుండలోకి చుక్క చుక్క. అలవాటు మానలేక ఉంచానని నర్సు నవ్వి, గ్లాసు నింపి ఇచ్చింది. అత్త సగం తాగి ఆగింది. అద్దాల వెనక కళ్లు నాకు కనపడలేదు.

"నాన్న కాదురా," అంది. "నాన్న తరఫు చుట్టం."

నీళ్లు వేరు కదా, వీళ్ల బావి రుచి పట్టి ఉంటుంది, మన తొట్టిలో వేస్తే మళ్లీ మారుతుందేమో అని తనకు తనే చెప్పుకుంది. నర్సు ఒప్పుకుంటే ఒక చెంచాడు తడిమీగడ డబ్బాలో తీసుకుని, దారంతా ఒళ్లో పట్టుకుని కూర్చుంది. గతుకుల దగ్గర నా వీపు మీద గుద్దింది కూడా.

నలభై రోజులు ఆగాలంది. ఈలోపు మంచినీళ్లకు మా ఇంటికొచ్చే వీధివాళ్లకు ఆ నీళ్లు పోయలేదు, మెషీను నీళ్లే ఇచ్చాం. ఎవరికీ తేడా తెలియలేదు, ఎదురుగా ఇస్త్రీ చేసే ఆయనకు తప్ప. మీ నీళ్లు ఈమధ్య మాట్లాడ్డం మానేశాయేమ్మా అన్నాడాయన. అత్త ఆ మాటకు రోజంతా అన్నం తినలేదు.

నలభయ్యో రోజు పొద్దున్నే ఇసుక మీద గోధుమరంగు పరుచుకుని ఉంది. అత్త గ్లాసు పట్టింది. చప్టా మీద కూర్చుని ఒక గుక్క తాగింది. కళ్లు మూసుకుని ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ అయ్యాక దాని అడుగు వైపు చూసింది.

"ఇవేనేమోరా. కాదేమో. నలభై రోజుల్లో నాకే గుర్తు లేకుండా పోయింది," అంది. "నువ్వు చెప్పు. ఇవేనా?"

అవునంటే సరిపోయేది. అంతకంటే పెద్ద అబద్ధాలు రోజుకు పది ఆడతాను, అదీ ఎవరూ అడక్కుండానే. కానీ పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో ఉండి, నేను తాగింది ఫ్రిజ్‌లోని సీసా నీళ్లు. తాత నీళ్లు ఎలా ఉండేవో ఒక్క గుక్క కూడా ఆగి చూడలేదు. నాలుగు తరాల నాలుక నా దాకా వచ్చి ఖాళీగా ఆగింది.

"తెలీదత్తా," అన్నాను.

అత్త తలూపింది. గ్లాసు కడిగి, మళ్లీ కుళాయి కింద పట్టి, నా చేతిలో పెట్టింది.

"అయితే ఇవాళ్టినుంచి రోజూ తాగు. కనీసం ఇవి ఎలా ఉన్నాయో ఒకరికైనా గుర్తుండాలి."

ఆమె పక్కకు జరిగి చప్టా మీద చోటిచ్చింది. కూర్చుని తాగాను. ఆ కాసేపు ఎవరూ మమ్మల్ని పలకరించలేదు.