వలపలగిలక వచ్చిన రోజు

ఎనభైల్లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేదాన్ని. మా బాపు ప్రెస్సులో కంపోజిటర్. సీసం అక్షరాలు ఏరి పేర్చడం ఆయన పని. నేను బేసిక్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. తెలుగు అక్షరం పేరును ఇంగ్లీషులో కొడితే, ఆ అక్షరం కంప్యూటర్ తెర మీద చుక్కలతో వస్తుంది. కాలేజీలో దాన్ని చూపించే రోజు బాపును వెంట తీసుకెళ్లాను.

‘బండి ర’ అని కొడితే ఱ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. బాపు మెల్లగా అడిగాడు: “వలపలగిలక ఉన్నదా బిడ్డా?”

ఆ పేరే నేను వినలేదు. కొట్టి చూస్తే ‘లేదు’ అని వచ్చింది. మా సారు ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

“ఫికర్ చెయ్యకు. జర కాయితం ఇయ్యి” అంటూ బాపు గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టాడు. “పాత పుస్తకాలల్ల ధర్మం అని పేర్చాలంటే ‘ర్’కు బదులు మ పక్కన ఇదే పెడ్తుంటిమి. ఇప్పుడెవ్వరు అడుగుతలేరు.”

ఆ చుక్కలను ప్రోగ్రాంలో చేర్చి మళ్లీ పేరు కొట్టాను. నల్లని తెర మీద ఆకుపచ్చగా ఆ గుర్తు వెలిగింది. బాపు వేలితో తాకబోయి ఆగిపోయాడు.

“పేరు వెట్టి పిలిస్తె వచ్చిందే!” అన్నాడు, కళ్లార్పకుండా.

నేను మాత్రం ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఈ మనిషి దగ్గర నాకు తెలియని పేర్లు ఇంకెన్ని ఉన్నాయో! ఆ సాయంత్రమే కొత్త నోటుబుక్కు తెరిచి బాపు ఎదురుగా కూర్చున్నాను.